52 అమైనో ఆమ్లాల ప్రోటీన్ మీద ఒక పరిశోధనా జీవితం: గుండె వైఫల్యాన్ని మాలిక్యులర్ బయాలజిస్టు చదివే తీరు

గుండె వైఫల్యం ఉన్న మనిషికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. అదే గుండెలోని ఒక కండర కణాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే కనిపించేది వేరు. కణం సంకోచించాక లోపలి క్యాల్షియం తిరిగి తన అరలోకి వెళ్లడం ఆలస్యమవుతూ ఉంటుంది. ఈ ఆలస్యానికీ ఆ ఆయాసానికీ లంకె ఏమిటో తేల్చడమే గుండె వైఫల్యం మీద పనిచేసే మాలిక్యులర్ బయాలజిస్టు వృత్తి. అందుకు ఒక ఉద్యోగ జీవితం పడుతుంది, ఒక్కోసారి అదీ సరిపోదు.

ఈ వృత్తి ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఎవాంజీలియా క్రానియాస్ చేసిన పనిని మించిన ఉదాహరణ అరుదు. ఫాస్ఫోలాంబాన్ అనే ఒకే ఒక్క చిన్న ప్రోటీన్‌ను ఆమె దశాబ్దాల పాటు వదలలేదు. ఎలుకలో దొరికిన జవాబు మనిషిలో తలకిందులైనప్పుడు, ఆ సంగతిని బయటపెట్టిన పేపర్ కూడా ఆమె ల్యాబ్ నుంచే వచ్చింది. ఈ రంగంలో ఒక శాస్త్రవేత్త పనికి విలువ కట్టాల్సింది అక్కడే: మొదటి జవాబు ఎంత మెరిసిందని కాదు, దాన్ని మనిషి గుండెలో పరీక్షకు పెట్టారా లేదా అని.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

గుండె కొట్టుకున్న ప్రతిసారీ కండర కణంలోకి కొద్దిగా క్యాల్షియం వస్తుంది. అది సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే లోపలి అరల నుంచి మరింత క్యాల్షియాన్ని విడుదల చేయిస్తుంది, కణం ముడుచుకుంటుంది. మళ్లీ సడలాలంటే ఆ క్యాల్షియాన్ని తోడేయాలి. ఆ పని ప్రధానంగా సెర్కా-2ఎ అనే పంపుది. మనిషి గుండెలో సుమారు 70 శాతం క్యాల్షియాన్ని ఈ పంపే వెనక్కి తోడుతుంది, మిగతాదాంట్లో చాలా భాగాన్ని సోడియం-క్యాల్షియం మార్పిడి ప్రోటీన్ కణం బయటికి పంపుతుంది. ఎలుకలో ఈ పంపు వాటా 90 శాతం దాటుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, కథ మలుపు తిరిగేది దీని దగ్గరే.

ఫాస్ఫోలాంబాన్ ఆ పంపుకు బ్రేకు. పంపును పట్టుకుని, క్యాల్షియం పట్ల దాని ఆకర్షణను తగ్గించి ఉంచుతుంది. భయమో పరుగో వచ్చి అడ్రినలిన్ పెరిగితే, కణంలో ప్రోటీన్ కైనేజ్-ఎ మేల్కొని ఫాస్ఫోలాంబాన్‌లోని 16వ స్థానపు సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. బ్రేకు వదులవుతుంది, గుండె వేగంగా సడలి, తర్వాతి దెబ్బను బలంగా కొడుతుంది. 1974-75లో న్యూయార్క్‌లో ఆర్నాల్డ్ కాట్జ్ బృందంలోని మిచిహికో టాడా, మాడలిన్ కిర్చ్‌బెర్గర్ ఈ ప్రోటీన్‌ను మొదట పట్టుకున్నారు. ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద దాని బరువు 22,000 డాల్టన్లుగా తేలింది. అసలు ప్రోటీన్‌లో ఉన్నవి 52 అమైనో ఆమ్లాలే, బరువు సుమారు 6,000 డాల్టన్లు. అయిదు అణువులు ఒక గుత్తిగా అంటుకుని, డిటర్జెంటులో కూడా విడిపోకుండా కలిసి పరిగెత్తడం వల్ల వచ్చిన అంకె అది.

ఈ గుణం నేటికీ కొత్త విద్యార్థులను తిప్పలు పెడుతుంది. నమూనాను మరిగించకుండా జెల్‌లో వేస్తే పట్టీ 25 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తుంది, అయిదు నిమిషాలు మరిగిస్తే 6 దగ్గరికి దిగుతుంది, అరకొరగా మరిగిస్తే రెండు చోట్లా మసకగా వస్తుంది. జెల్ నుంచి ప్రోటీన్‌ను ఒక పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో వెతుకుతారు; ఇంత చిన్న ప్రోటీన్ 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొరను దాటుకుని అవతలికి జారిపోతుంది కాబట్టి 0.2 మైక్రాన్ల పొర వాడాలి. పట్టీ రాలేదంటే ప్రోటీన్ లేదని కాదు, పొర మారిస్తే కనిపించవచ్చు. నాకౌట్ ఎలుక (ఆ ప్రోటీన్ జన్యువు తీసేసిన ఎలుక) నమూనాను ప్రతి జెల్‌లో ఒక గడిలో వేయడం మంచి ల్యాబుల్లో నియమం. అక్కడా పట్టీ కనిపిస్తే యాంటీబాడీ వేరేదాన్ని పట్టుకుంటున్నట్టు లెక్క.

1994 ఎలుక

గుండె వైఫల్యం వచ్చిన మనుషుల గుండెల్లో పంపు తగ్గుతుంది. బ్రేకు దాదాపు అలాగే ఉంటుంది, పైగా దాని మీద ఫాస్ఫేట్ తగ్గుతుంది. అంటే ఉన్న కొద్ది పంపు మీద బ్రేకు మరింత గట్టిగా పడుతుంది. అలాంటప్పుడు బ్రేకునే తీసేస్తే? ఈ ప్రశ్నకు జవాబుగా 1994లో క్రానియాస్ బృందం ఫాస్ఫోలాంబాన్ జన్యువు పూర్తిగా లేని ఎలుకను ప్రచురించింది. దాని గుండె మామూలు ఎలుక గుండె కంటే చాలా బలంగా ముడుచుకుంది, వేగంగా సడలింది. అడ్రినలిన్‌లా పనిచేసే ఐసోప్రోటెరినాల్ మందు ఇస్తే మామూలు గుండె ఏ స్థాయికి వెళుతుందో, ఈ గుండె మందు లేకుండానే ఆ స్థాయిలో ఉంది. మందు ఇచ్చినా అంతకు మించి పెద్దగా పెరగలేదు. ఎలుకలు ఆరోగ్యంగా బతికాయి.

ఒక్క జన్యువును తీసేస్తే సరిపోయింది అనిపిస్తుంది గానీ, ఆ ఫలితం వెనక సిన్సినాటి అనే ఒక ఊరు ఉంది. 0.15 గ్రాములైనా తూగని ఎలుక గుండెను బయటికి తీసి, గొట్టాలకు తగిలించి, పని చేయిస్తూ కొలిచే విద్యను ఇంగ్రిడ్ గ్రప్ అక్కడే సాధించారు. గుండె కణాల్లో మాత్రమే ఏదైనా జన్యువును పలికించడానికి ప్రపంచమంతా వాడుతున్న ఆల్ఫా మయోసిన్ ప్రమోటర్‌ను జెఫ్రీ రాబిన్స్ బృందం అక్కడే తయారు చేసింది. దాంతోనే క్రానియాస్ ల్యాబ్ 1996లో ఫాస్ఫోలాంబాన్ ఎక్కువగా ఉండే ఎలుకను చేసి, ఎదురు పరీక్ష పూర్తి చేసింది: బ్రేకు పెరిగితే గుండె మందగించింది. పంపు జన్యువునే తీసేసిన ఎలుకల పని కూడా ఆ ఊళ్లోనే సాగింది. ఆ జన్యువు రెండు ప్రతులూ పోయిన పిండాలు బతకలేదు, ఒక ప్రతి పోయినవి బతికాయి గానీ గుండె పనితీరు తగ్గింది. పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనా ఉద్యోగానికి) చోటు వెతుక్కునేవారు గైడ్ పేరు చూస్తారు. పక్క గదుల్లో ఏ ఏ పనులు చేయగలిగినవారు ఉన్నారో చూడడం అంతకంటే ముఖ్యం.

కాలం లెక్క కూడా తెలియాలి. పాత పద్ధతిలో పిండ మూలకణాల్లో జన్యువును మార్చి, మిశ్రమ ఎలుకలు పుట్టించి, వాటి సంతానంలో మార్పు దిగిందో లేదో చూసి, చివరికి రెండు ప్రతులూ లేని ఎలుకలు చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. జన్యువును నేరుగా కత్తిరించే క్రిస్పర్ వచ్చాక నెలలకు తగ్గింది. కానీ ఎలుకల సంతాన గణితం మారలేదు. గర్భం మూడు వారాలు, పిల్ల పెద్దదవడానికి మరో ఆరేడు వారాలు. ఒక్కో ప్రతి పోయిన ఆడ మగలను కలిపితే నాలుగో వంతు పిల్లలే పనికొస్తాయి. ఈతకు ఎనిమిది పుడితే రెండు, వాటిలో మగది ఒకటి. ఒకే వయసున్న పది మగ ఎలుకలు కావాలంటే పది జంటలు దాదాపు ఒకేసారి ఈనాలి. పంజరాల అద్దె గ్రాంటులో ఎంత తినేస్తుందో మొదటిసారి బడ్జెట్ వేసేవారికి తెలియదు.

ప్రయోగం ఎక్కడ దెబ్బతింటుంది

గుండె కణాలను బతికుండగా విడదీయడం ఈ రంగంలో చేతి విద్య. ఎలుకకు ముందుగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, గుండెను తీసిన ఒకటి రెండు నిమిషాల్లోపే బృహద్ధమనికి సన్నని గొట్టం కట్టాలి. ముందు క్యాల్షియం లేని ద్రావణం, తర్వాత కొలాజినేజ్ ఎంజైమ్ 37 డిగ్రీల వద్ద పంపాలి. కణాలు విడిపోయాక క్యాల్షియాన్ని మెట్లు మెట్లుగా తిరిగి కలిపి ఒక మిల్లీమోలార్ పైకి తేవాలి. ఒక్కసారిగా కలిపితే పొడవాటి కణాలన్నీ ముడుచుకుని గుండ్రంగా చచ్చిపోతాయి. మంచి రోజున నూటికి 70, 80 కణాలు పొడవుగా, అంచులు పదునుగా, చారలు స్పష్టంగా నిలుస్తాయి. కొలాజినేజ్ ఒక్కో లాట్ ఒక్కోలా కోస్తుంది. అందుకే అనుభవమున్న ల్యాబులు నాలుగైదు లాట్ల నమూనాలు తెప్పించి, పరీక్షించి, నచ్చిన లాట్‌నే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటాయి.

ఆ కణాల్లో క్యాల్షియాన్ని చూడడానికి ఫ్యూరా-2 రంగు నింపి, 340, 380 నానోమీటర్ల కాంతిని మార్చి మార్చి వేసి, 510 దగ్గర వెలుగును కొలుస్తారు. రంగును వేడి మీద నింపితే అది మైటోకాండ్రియాలోకీ దూరి లెక్క చెడగొడుతుంది, గది ఉష్ణోగ్రతలో నింపడం మేలు. మరో చిక్కు కూడా ఉంది. చాలా పేపర్లలో ఈ కొలతలు చల్లని గదిలో, రెండు సెకన్లకు ఒక దెబ్బ చొప్పున చేసినవి. బతికున్న ఎలుక గుండె సెకనుకు ఎనిమిది నుంచి పదిసార్లు కొట్టుకుంటుంది. పేపర్ చదివేటప్పుడు ఫలితాల బొమ్మ కంటే ముందు పద్ధతుల భాగంలో ఉష్ణోగ్రత, వేగం చూసుకోవాలి.

ఎకోకార్డియోగ్రామ్‌లోనూ ఇదే గొడవ. ఎలుకను కదలకుండా ఉంచడానికి ఐసోఫ్లూరేన్ మత్తు ఇస్తారు. మోతాదు 1 నుంచి 1.5 శాతం దాటితే గుండె వేగం పడిపోతుంది, నిమిషానికి 450 కంటే కిందికి దిగిన గుండె ఆరోగ్యంగా ఉన్నా జబ్బుపడినట్టు కనిపిస్తుంది. నాకౌట్ ఎలుకలకు ఒక రోజు, మామూలు ఎలుకలకు మరో రోజు మత్తు ఇచ్చి కొలిస్తే, కనిపించే తేడా జన్యువుదో మత్తుదో చెప్పలేం. బృహద్ధమనిని బిగించి గుండె మీద ఒత్తిడి పెంచే శస్త్రచికిత్సలో 27 గేజ్ సూదిని ధమని పక్కన పెట్టి, రెండింటినీ కలిపి దారంతో కట్టి, సూదిని లాగేస్తారు. 20 గ్రాముల ఎలుకకు, 30 గ్రాముల ఎలుకకు ఒకే సూది వాడితే బిగింపు ఒకేలా ఉండదు. కాబట్టి డాప్లర్‌తో ఒత్తిడి తేడాను కొలిచి చూపని ప్రయోగాన్ని నమ్మనక్కర్లేదు. ఎలుకల వంశం కూడా ముఖ్యమే. బ్లాక్-6 ఎలుకల్లో జె ఉపవంశానికి మైటోకాండ్రియా జన్యువు ఒకటి దెబ్బతిని ఉంది, ఎన్ ఉపవంశానికి లేదు. ఒత్తిడి పెడితే రెండూ ఒకేలా స్పందించవు. తోబుట్టువులతో కాకుండా బయట కొన్న ఎలుకలతో పోల్చిన పేపర్లు ఇక్కడే కూలతాయి.

2003

1999లో ఫాస్ఫోలాంబాన్ వైపు లోకమంతా తిరిగి చూసింది. కండర ఎల్ఐఎం ప్రోటీన్ లేని ఎలుకలకు గుండె ఉబ్బి వైఫల్యం వస్తుంది. వాటిలో ఫాస్ఫోలాంబాన్‌ను కూడా తీసేస్తే జబ్బు రాలేదని కెన్నెత్ చియెన్ బృందం, క్రానియాస్‌తో కలిసి చూపించింది. గుండె వైఫల్యానికి మందు దొరికినట్టేనన్న ఆశ పుట్టింది.

ఆ ఆశను తూకం వేయడానికి ఒక పాత హెచ్చరిక అప్పటికే ఉంది. మిల్రినోన్ అనే మాత్ర గుండె సంకోచ బలాన్ని పెంచుతుంది. 1991లో వెలువడిన ట్రయల్‌లో 1,088 మంది తీవ్ర గుండె వైఫల్య రోగులకు దాన్నో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి చూశారు. మిల్రినోన్ తీసుకున్నవారిలో మరణాలు 28 శాతం ఎక్కువ. గుండెను గట్టిగా కొట్టించడం, రోగిని ఎక్కువ కాలం బతికించడం ఒకటి కాదని అప్పుడే రుజువైంది. అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు తర్వాత ప్రాణాలు నిలబెట్టాయి.

క్రానియాస్‌కు ఏథెన్స్ వైద్యులతోనూ, అక్కడి అకాడమీ పరిశోధనా సంస్థతోనూ సంబంధాలు ఉండేవి. ఆ దారిలో ఒక గ్రీకు కుటుంబం డీఎన్ఏ వచ్చింది. 39వ స్థానంలో లూసిన్ రావాల్సిన చోట ప్రోటీన్ ఆగిపోయే సంకేతం ఉంది. రెండు ప్రతుల్లోనూ ఈ లోపం ఉన్న ఇద్దరికి గుండె ఉబ్బి వైఫల్యం వచ్చి, ఒకరికి 16 ఏళ్లకు, మరొకరికి 27 ఏళ్లకు గుండె మార్పిడి చేయాల్సి వచ్చింది. తీసేసిన గుండెను పరీక్షిస్తే ఫాస్ఫోలాంబాన్ ప్రోటీన్ లేదు. ఎలుకను బలవంతుణ్ని చేసిన లోపమే మనిషి గుండెను కూల్చింది. ఈ పేపర్ 2003లో వచ్చింది. దాని శీర్షికలోనే ఎలుకకూ మనిషికీ ఉన్న కీలకమైన తేడా అని రాశారు. తొమ్మిదేళ్ల కిందట తమకు పేరు తెచ్చిన ఫలితానికి హద్దు గీసిన మాట అది.

కారణం వెతికితే మళ్లీ మొదటి అంకెల దగ్గరికే వెళ్లాలి. ఎలుక గుండె నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకుంటూ తన గరిష్ఠానికి దగ్గరగానే ఎప్పుడూ పనిచేస్తుంది. క్యాల్షియాన్ని దాదాపు పూర్తిగా పంపే చూసుకుంటుంది. అక్కడ బ్రేకు తీసినా పోయేది తక్కువ. మనిషి గుండె విశ్రాంతిలో 70 సార్లు కొట్టుకుని, అవసరమైనప్పుడు రెండు మూడింతలు పెంచుకుంటుంది. ఆ నిల్వ బలం ఫాస్ఫోలాంబాన్ బిగింపు, సడలింపు మీద ఆధారపడి ఉంది. బ్రేకు శాశ్వతంగా పోతే నిల్వ ఉండదు, శక్తి ఖర్చు ఎప్పుడూ పైస్థాయిలోనే నడుస్తుంది. ఇంతవరకు బలంగా నిలిచిన వివరణ ఇదే. ఒక ప్రతిలో మాత్రమే ఈ లోపం ఉన్న బంధువుల్లో కొందరికి గుండె గోడ మందమైంది గానీ సంకోచం తగ్గలేదు. అంటే లోపం మోతాదు కూడా లెక్కలోకి వస్తుంది.

అదే ఏడాది మరో రెండు దెబ్బలు తగిలాయి. హార్వర్డ్‌లోని సైడ్‌మన్ దంపతుల ల్యాబ్, టొరంటోలోని డేవిడ్ మక్లెనన్ బృందం కలిసి 9వ స్థానపు ఆర్జినిన్ సిస్టీన్‌గా మారిన కుటుంబంలో వారసత్వ గుండె వైఫల్యాన్ని చూపించారు. ఇక్కడ మారిన ఫాస్ఫోలాంబాన్ కైనేజ్‌నే పట్టుకుని వదలదు, దాంతో మిగతా మామూలు ఫాస్ఫోలాంబాన్‌కు ఫాస్ఫేట్ అందదు. ఎలుకల్లోనే చేసిన ఇంకో పనిలో, వేరే జన్యు కారణాలతో గుండె పెరిగిన ఎలుకల్లో ఫాస్ఫోలాంబాన్ తీసేస్తే విడివిడి కణాలు బాగుపడ్డాయి, గుండె మాత్రం బాగుపడలేదు. 1999 నాటి రక్షణ అన్ని జబ్బులకూ వర్తించదని తేలింది.

పంపును పెంచే దారి, దాని గతి

బ్రేకు తీయడం ప్రమాదమైతే పంపునే పెంచవచ్చు కదా అన్నది రోజర్ హజ్జార్ పట్టుకున్న దారి. 1999లో ఆయన బృందం, మార్పిడి సమయంలో తీసేసిన రోగుల గుండెల కణాల్లోకి సెర్కా-2ఎ జన్యువును చొప్పించి, సంకోచం మెరుగైందని చూపింది. మనిషి కణాలతో మొదలుపెట్టడం మంచి నిర్ణయం. వైరస్‌లో ఆ జన్యువును పెట్టి గుండె ధమనుల్లోకి ఎక్కించే క్యూపిడ్ ట్రయల్ మొదటి దశలు ఆశాజనకంగా కనిపించాయి. రెండో దశలోని తొలి అంకంలో ఉన్నది 39 మంది రోగులే. తర్వాత 250 మందితో, 10 లక్షల కోట్ల వైరస్ కణాల మోతాదుతో చేసిన క్యూపిడ్-2లో లాభం కనిపించలేదు. ఫలితం 2015లో వెలుగులోకి వచ్చింది. కొందరి గుండె కణజాలాన్ని తర్వాత పరీక్షిస్తే వైరస్ డీఎన్ఏ అతి స్వల్పంగా ఉంది. కాబట్టి పంపు ఊహ తప్పని ఆ ట్రయల్ రుజువు చేయలేదు, జన్యువు కణాలకు చేరనేలేదన్నంత వరకే చెప్పింది. ఒక ఊహను పరీక్షించామనుకుని, నిజానికి ఒక రవాణా పద్ధతిని పరీక్షించడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

క్రానియాస్ బృందం 2006లో మరో గ్రీకు కుటుంబంలో 14వ స్థానపు ఆర్జినిన్ రాలిపోయిన మార్పును ప్రచురించింది. ఇందులో మారిన ప్రోటీన్ మామూలు దానితో కలిసి పంపును మితిమీరి అణిచేస్తుంది. కుటుంబానికి పరిమితమైన అరుదైన విషయంలా కనిపించిన ఈ మార్పు నెదర్లాండ్స్‌లో వందల మందిలో బయటపడింది. అక్కడ గుండె ఉబ్బే జబ్బు రోగుల్లో సుమారు 15 శాతం, లయ తప్పే రకం కండర జబ్బు రోగుల్లో సుమారు 12 శాతం మందిలో ఇదే ఉంది. 575 నుంచి 825 ఏళ్ల కిందట ఒకే పూర్వీకుడిలో పుట్టి ఉంటుందని 2012లో లెక్కగట్టారు. యుట్రెక్ట్ వైద్యులు, క్రానియాస్ కలిసి నడిపించిన గుండె పరిశోధనకు నిధులిచ్చే లెడుక్ ఫౌండేషన్ బృందం ఈ ఒక్క మార్పు మీదే పనిచేసింది. లక్షణాలు రాకముందే ఎప్లెరినోన్ మాత్ర ఇస్తే జబ్బు నెమ్మదిస్తుందా అని చూసిన డచ్ ట్రయల్‌లో లాభం కనిపించలేదు. ఫాస్ఫోలాంబాన్ తయారీనే తగ్గించే యాంటీసెన్స్ చికిత్స మాత్రం 2021లో ఇదే మార్పు ఉన్న ఎలుకలను కాపాడింది. 2003 పేపర్ చదివినవారు అడగాల్సిన ప్రశ్న ఇక్కడ సిద్ధంగా ఉంది: మనిషిలో ఎంతవరకు తగ్గిస్తే మేలు, ఎక్కడ దాటితే హాని?

గ్రాంటు, ఉద్యోగం, కాలం

ఇలాంటి ప్రశ్నను దశాబ్దాలు మోయాలంటే జీతం, డబ్బు ఆగకూడదు. అమెరికాలో పీహెచ్‌డీకి అయిదారేళ్లు, పోస్ట్‌డాక్‌కు నాలుగైదేళ్లు. తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువు దొరికితే, ఆరేడేళ్లలో ఉద్యోగం పర్మనెంటు కావడం చాలావరకు ఎన్ఐహెచ్ (అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధనా సంస్థ) ఇచ్చే ఆర్-01 గ్రాంటు మీద ఆధారపడుతుంది. లక్ష్యాలకు ఒక పేజీ, పరిశోధన ప్రణాళికకు 12 పేజీలు. మాడ్యులర్ బడ్జెట్‌లో ఏడాదికి నేరు ఖర్చు రెండున్నర లక్షల డాలర్ల వరకు. దరఖాస్తులు తిరిగిరావడానికి మామూలు కారణం ఒకటుంది: మొదటి లక్ష్యం నెగ్గితేనే రెండోది మొదలయ్యేలా రాయడం. నాకౌట్ ఎలుక పిండంలోనే చనిపోతే మిగతా నాలుగేళ్ల పని ఏమిటని రివ్యూయర్ అడుగుతారు. జవాబు పేజీలోనే ఉండాలి: గుండెలో మాత్రమే, పెద్దయ్యాక మాత్రమే జన్యువును తీసేసే ఎలుక సిద్ధంగా ఉందనో, ఒక ప్రతి పోయినవాటితో పని చేస్తామనో.

మన దగ్గర దారి వేరు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000. విదేశంలో పోస్ట్‌డాక్ చేసి తిరిగి రావడానికి డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) వారి రామలింగస్వామి ఫెలోషిప్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు ప్రధాన ద్వారాలు. ఎలుకల పనికి కేంద్ర జంతు ప్రయోగాల కమిటీ నిబంధనల కింద సంస్థ అనుమతి, మనిషి నమూనాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఈ రెండూ చేతికొచ్చేసరికి ఫెలోషిప్ గడియారం చాలా దూరం నడిచిపోయి ఉంటుంది కాబట్టి, చేరకముందే దరఖాస్తులు రాసుకోవడం తెలివైన పని.

ప్రశ్నల విషయంలో మాత్రం ఇక్కడివారికి ఒక బలం ఉంది. 2009లో హైదరాబాద్ సీసీఎంబీలోని (కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలోని) కుమారస్వామి తంగరాజ్ బృందం, గుండె కండరంలోని మయోసిన్ బైండింగ్ ప్రోటీన్-సి జన్యువులో 25 అక్షరాలు రాలిపోయిన మార్పును దక్షిణాసియా జనంలో సుమారు 4 శాతం మంది మోస్తున్నారని ప్రచురించింది. ఈ మార్పును అంతకుముందే కొన్ని భారతీయ కుటుంబాల్లో చూసినవారున్నారు, అది ఇంతమందిలో ఉందని తెలిసింది మాత్రం అప్పుడే. 32వ ఇంట్రాన్‌లో (ప్రోటీన్ తయారీకి ముందు కత్తిరించేసే భాగంలో) జరిగిన ఈ నష్టం వల్ల 33వ ఎక్సాన్ (ప్రోటీన్‌కు కావలసిన భాగం) దాటిపోయి ప్రోటీన్ తోక మారుతుంది, గుండె కండర జబ్బు ముప్పు పెరుగుతుంది. కానీ దీన్ని మోసేవారిలో ఎక్కువమంది ఆరోగ్యంగానే తిరుగుతున్నారు. జబ్బుపడేవారు ఎందుకు పడుతున్నారు? అదే జన్యువులో కొందరికి ఉన్న మరో మార్పు, 389వ స్థానంలో ఆస్పార్టేట్ వేలిన్‌గా మారడం, కొంత భాగాన్ని వివరిస్తుందని 2018లో అమెరికాలోని దక్షిణాసియా సంతతివారి మీద చేసిన పనిలో తేలింది. మిగతా భాగం రక్తపోటా, మధుమేహమా, వేరే జన్యువులా అన్నది తేలాల్సి ఉంది. ఈ ప్రశ్నకు సరైన చోటు మన ఊళ్లే.

దానికి ఎలుకలు సరిపోవని ఫాస్ఫోలాంబాన్ చరిత్ర చెబుతోంది. మనిషి గుండె కణజాలం కావాలి. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా అవయవ మార్పిడి సాగే తెలుగు రాష్ట్రాల్లో, మార్పిడి రోజున తీసేసే జబ్బు గుండె పరిశోధనకు ఎంతో విలువైనది. అయితే అది ఎలా చేతికొచ్చిందన్న దాన్ని బట్టే దాని విలువ. ధమనిని మూసిన నిమిషం నుంచి కణాల్లో ఫాస్ఫేట్లు మారిపోతూ ఉంటాయి. ఎడమ జఠరిక గోడలోంచి ముక్కను చల్లని కార్డియోప్లీజియా ద్రావణంలోకి (గుండెను ఆపి ఉంచే ద్రావణంలోకి) వేసి, పైపొర, కొవ్వు తీసేసి, గ్రాముకు మించని ముక్కలుగా కోసి, ఆపరేషన్ థియేటర్ పక్కనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాలి. ఏ నిమిషానికి తీశారు, ఏ నిమిషానికి గడ్డకట్టించారు అన్నది డబ్బీ మీద రాయాలి. ఆ రోగికి అంతకుముందు 24 గంటల్లో గుండె బలం పెంచే డోబుటమిన్ ఎక్కించారా, బీటా బ్లాకర్ ఇచ్చారా అన్నది కేసు షీటు నుంచి రాసుకోకపోతే, ఫాస్ఫోలాంబాన్ 16వ సెరీన్ మీద కనిపించే ఫాస్ఫేట్ తేడా జబ్బుదో మందుదో తర్వాత ఎవరూ చెప్పలేరు. పోలికకు వాడే ఆరోగ్యవంతమైన గుండె కూడా సందేహాతీతం కాదు. మెదడు మరణం సమయంలో అడ్రినలిన్ ఉప్పెనలా పెరుగుతుంది, ఆ ముద్ర దాత గుండె మీదా ఉంటుంది. అందుకే దాత గుండెల్లో మొత్తం ప్రోటీన్ కొలతలను ఎక్కువగా, ఫాస్ఫేట్ కొలతలను తక్కువగా నమ్మాలి.

ఇవన్నీ జరగాలంటే అంగీకార పత్రం రోగికీ కుటుంబానికీ అర్థమయ్యే తెలుగులో, ఆపరేషన్‌కు చాలా ముందే, వెయిటింగ్ లిస్టులో చేరిన రోజునే ఇచ్చి వివరించాలి. దాత దొరికిన రాత్రి సంతకం అడగడం తగదు. సర్జన్, పెథాలజిస్టు, ల్యాబ్ ముగ్గురూ ఏ ముక్క ఎవరికన్నది ముందే రాసుకోవాలి, రోగ నిర్ధారణకు కావలసింది తీసుకున్నాకే మిగతాది పరిశోధనకు. మార్పిడులు తరచూ అర్ధరాత్రి జరుగుతాయి కాబట్టి, నత్రజని ఫ్లాస్కు నిండుగా ఉంచి, పిలిస్తే అరగంటలో చేరగలిగేలా ల్యాబ్ నుంచి ఇద్దరు వంతులవారీగా డ్యూటీలో ఉండాలి. ఆ ఇద్దరి జీతం, ఫ్లాస్కు, మైనస్ 80 ఫ్రీజర్, దాని జనరేటర్ ఖర్చు గ్రాంటు దరఖాస్తులో మొదటి ఏడాది పద్దులోనే కనిపించాలి.